మామకూ అల్లుడికీ అరబ్బీ

నేను చేసిన ఉద్యోగానికి మా ధర్మపురిలో ఎవరూ పేరు పెట్టలేకపోయారు. "మీ నరసయ్య దుబాయిల ఏం జేస్తుండు?" అని ఎవరైనా అడిగితే మా బాపు "సార్ పనే" అని ఊరుకునేవాడట. నేనున్నది దుబాయి కాదు, మస్కట్. అయినా మావైపు సముద్రం దాటిన ప్రతి ఊరూ దుబాయే. అక్కడ కూడా నా పనికి పేరు సరిగా కుదరలేదు. కంపెనీవాళ్లు 'భాషా సహాయకుడు' అన్నారు. ఇంజనీర్లు దుబాసీ అనుకున్నారు. పనివాళ్లు సార్ అన్నారు. నా పైనున్న మాస్టారు, మా ఉస్తాద్ మాత్రం మొదటి ఏడాదంతా నన్ను తన తలనొప్పి అనే చెప్పుకున్నాడు.

ఈ మధ్య మా తమ్ముడి బిడ్డ పై దేశంలో తెలుగు నేర్పే సహాయకురాలిగా ఎంపికైంది. "పెద్దబాపూ, నువ్వు చేసినవు గద గా పని. గక్కడ పోంగనే ముందుగాల ఏం జెయ్యాలె?" అని అడిగింది. పెట్టెలో ఏం సర్దుకోవాలో చెబుతాననుకుంది కాబోలు. మాట మొదలుపెడితే ఒక పూటలో తెగలేదు. అందుకే రాస్తున్నాను. నా జీతం ఎంత, ఎప్పుడు పెరిగింది అన్నవి వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరికీ భాష చెప్పడం రాదు.

అడిగేవాళ్లు లేని చోటు

1969లో కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో హిందీ పంతులుగా చేరాను. నా చిన్నప్పటికి మా బళ్లలో ఉర్దూ ఇంకా పోలేదు. దానితోపాటు ఒక మౌల్వీ సాబ్ దయవల్ల అరబ్బీ అక్షరాలూ, కాస్త చదవడమూ వచ్చాయి. అవి ఎప్పుడైనా అన్నం పెడతాయని నేను అనుకోలేదు.

ఎనభైల మొదట్లో జగిత్యాల, చెన్నూరు, నిర్మల్, బోథ్ వైపు ఊళ్ల నుంచి మగవాళ్లు వరసపెట్టి బొంబాయి దారి పట్టారు. మస్కట్ దగ్గర రోడ్లు, ఇళ్లు కట్టే ఒక కంపెనీ వాళ్లను వందల మందిని తీసుకుంది. వీళ్లకు తెలుగు తప్ప రాదు. అక్కడి మేస్త్రీలకు తెలుగు రాదు. ఆగమంటే నడిచేవారు, దించమంటే ఎత్తేవారు. దెబ్బలు తగలడం మొదలయ్యాక కంపెనీ సాయంత్రం పూట అరబ్బీ బడి పెట్టింది. పాఠం చెప్పడానికి ఈజిప్టు నుంచి ఒక మాస్టారును రప్పించింది. ఆయన పక్కన నిలబడి ఆ పాఠాన్ని మనవాళ్ల చెవికి ఎక్కించే మనిషి కావాలని బొంబాయిలో వెతికారు. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఒకటే. "ఒక కూలీ వచ్చి 'కండ్లు తిరుగుతున్నయ్' అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఇంగ్లీషులో చెప్పు." చెప్పాను. తీసుకున్నారు.

బయల్దేరే ముందు మా ఇంటామె సుశీల ఒక మాట అంది. "బడి పిల్లలకు చెప్పుడు వేరు. మీసాలున్నోళ్లకు ఎట్ల జెప్తవ్?"

"గదే పాఠం, గదే పలక. ఫరక్ ఏమున్నది?" అన్నాను. ఫరక్ ఎంతుందో తర్వాత తెలిసింది.

అక్కడ మొదటి నెలల్లో నన్ను బాధపెట్టింది ఎండ కాదు. ఎండ మనకూ ఉంది. తిండీ కాదు. వంటసాలలో మావైపు మనిషే ఉండేవాడు. నన్ను బాధపెట్టింది ఎవరూ ఏమీ అడగకపోవడం. కరీంనగర్‌లో గడప దాటితే చాలు, "ఏం సార్, ఎటు పోతున్నవ్?" అని పాన్‌డబ్బావాడు అడుగుతాడు, రిక్షావాడు అడుగుతాడు. ఒక్కోసారి విసుగొస్తుంది. మస్కట్‌లో నేను ఎటు పోయినా ఎవరికీ పట్టదు. ఒక శుక్రవారం సెలవు రోజున కావలసిందేమీ లేకపోయినా కిరాణా కొట్టుకు వెళ్లాను, కొట్టువాడు "ఏం కావాలి?" అని అడుగుతాడు కదా అని. అగ్గిపెట్టె కొన్నాను. నాకు చుట్ట, బీడీ ఏ అలవాటూ లేదు.

కొత్తగా వెళ్లేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మిమ్మల్ని రోజుకొకసారి "ఎటు పోయినవ్?" అని అడిగే మనిషిని ఒక్కరిని సంపాదించుకోండి. మిగతావన్నీ ఆ తర్వాత సర్దుకుంటాయి. నాకు ఆ మనిషి మా ఉస్తాదే అయ్యాడు. అయితే ముందు ఆయనతో చాలా పోట్లాడవలసి వచ్చింది.

ఉస్తాద్ హలీమ్

ఈజిప్టు నుంచి వచ్చిన ఆ మాస్టారు, ఉస్తాద్ హలీమ్, లావుపాటి మనిషి. మెడ చుట్టూ ఎప్పుడూ ఒక తెల్ల చేతిరుమాలు ఉండేది. భార్య పోయాక ఇంట్లో ఉండలేక ఈ ఉద్యోగానికి ఒప్పుకుని వచ్చాడు. అరబ్బీ వ్యాకరణమంటే ఆయనకు ప్రాణం. క్యాంపులో మా ఇద్దరి గదులూ పక్కపక్కనే, మొదట్లో మా మాటలు ఇంగ్లీషులో.

మొదటి రోజు పాఠానికి గది నిండా మనుషులు వచ్చారు. పొద్దంతా ఎండలో సిమెంటు మోసి వచ్చినవాళ్లు. ఉస్తాద్ నల్లబల్ల మీద 'కతబ' అని అందంగా రాసి, తెలుగులో చెప్పమని నాకు సైగ చేశాడు.

"కతబ అంటే రాసిండు" అన్నాను.

"యక్తుబు."

"రాస్తడు."

వెనక నుంచి ఒక గొంతు లేచింది. "సార్, మనం గీడికి రాయనీకి వచ్చినమా, గోడ కట్టనీకి వచ్చినమా?"

గదంతా నవ్వు. ఏమన్నాడని ఉస్తాద్ నన్ను అడిగాడు. క్రియాపదంలో ఏదో సందేహం అట అన్నాను. ఉస్తాద్ సంతోషపడిపోయి ఆ క్రియాపదాన్ని ఇంకో అరగంట చెప్పాడు. సగం మంది కూర్చునే నిద్రపోయారు.

ఒక సాయంత్రం ఆయనకు జ్వరం తగిలి, పాఠం నా మీద పడింది. నేను పుస్తకం తెరవలేదు.

"మీకు అరబ్బీ వస్తదా?" అని అడిగాను.

"ఏడ వస్తది సార్!"

"కుర్సీ అంటే తెలుసా? దుకాణం? సాబూన్? జవాబు? తారీఖు? హాజరు?"

"అవన్ని మన తెలుగే గద!"

"అవన్ని అరబ్బీలనుంచే వచ్చినయ్. పలుకుడు జర వేరు, గంతే."

ముందు వరుసలో ఒకాయన తొడ చరుచుకుని, "అంటే మా అవ్వకు సగం అరబ్బీ వస్తదన్నట్టు!" అన్నాడు. ఆ సాయంత్రం ఎవరూ నిద్రపోలేదు. ఫికర్, ఖబర్, హిసాబ్ అంటూ ఎవరింట్లో వాడే మాటలు వాళ్లు ఏరి తెచ్చారు. 'ఖాళీ' దొరికింది, 'అసలు' దొరికింది, ఖతర్నాక్‌లో దాగిన ఖతర్ దొరికింది. ప్రమాదం అని రాసిన బోర్డు మీద ఉండేది ఆ మాటే. కొత్త భాష నేర్పేవాడు ముందు నేర్చుకునేవాడి ఇంట్లో దాని చుట్టాలను వెతకాలి. చుట్టాలు కనిపిస్తే మనిషికి భయం సగం పోతుంది.

అయితే చుట్టాల్లో మోసం చేసేవాళ్లూ ఉంటారు. ఒకడు మేస్త్రీని సెలవు అడిగాడు. మేస్త్రీ "మాఫీ" అన్నాడు. అక్కడ ఆ మాటకు 'లేదు' అని అర్థం. మనవాడు పని మాఫీ చేశాడనుకుని గదికి పోయి హాయిగా పడుకున్నాడు. పెద్ద రభస అయింది. ఇంకో మాట గరీబు. మనకు గరీబు అంటే లేనివాడు. అరబ్బీలో 'గరీబ్' అంటే పరాయి ఊరివాడు, ఎవరికీ తెలియనివాడు. ఆ తేడా చెబుతుంటే చెన్నూరు ఆయన ఒకడు, "రెండు మనమే గద సార్" అన్నాడు.

జ్వరం తగ్గి వచ్చిన ఉస్తాద్‌కు బల్ల మీద నేను రాసిన 'మాయ్' అన్న మాట కనిపించింది. నీళ్లకు అక్కడి డ్రైవర్లు, మేస్త్రీలు అనే మాట అది. పుస్తకంలో ఉండేది 'మాఉన్'.

"నువ్వు వీళ్లకు వీధి భాష నేర్పుతున్నావు" అన్నాడు.

"వీళ్లు పనిచేసేది వీధిలోనే కదా, ఉస్తాద్."

ఆయన రుమాలు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. చాలా రోజులు నాతో పాఠం గురించి తప్ప మాట్లాడలేదు.

ఆ మాటలో నేనే రైటని ఇప్పటికీ అంటాను. కానీ ఆయన గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. పని చోట మనవాళ్లను టోపీ మీది అంకెతో పిలిచేవారు, లేకపోతే 'ఏయ్' అనేవారు. ఉస్తాద్ ఒక్కరిని కూడా పేరు లేకుండా పిలవలేదు. "సయ్యిద్ లచ్చయ్య", "సయ్యిద్ పోశెట్టి" అని, పేరుకు ముందు గౌరవం చేర్చి, నోరు తిరగకపోయినా కష్టపడి పలికేవాడు. కొందరు పాఠం కోసం కాదు, ఆ పిలుపు వినడానికే వచ్చేవారని నాకు తెలుసు. పై అధికారిలో మనకు నచ్చనిది ఎంత ఉన్నా ఇలాంటిది ఒకటి ఉంటే, ఆయన దగ్గర పనిచేయవచ్చు.

నోరు విప్పని మల్లయ్య

బోథ్ పక్క ఊరి నుంచి మల్లయ్య, గంగారాం అని ఇద్దరు ఒకే జట్టులో వచ్చారు. గంగారాంకు పాతికేళ్లు ఉంటాయి. చురుకైనవాడు, చెప్పింది చెప్పినట్టు పట్టేసేవాడు. మల్లయ్య నడివయసు దాటిన రైతు. వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏం అడిగినా తల దించుకునేవాడు. నెలలు గడిచినా ఒక్క మాట ఆయన నోట్లోంచి రాలేదు.

బడికి ఒక కఠినమైన నియమం ఉండేది. ఒప్పుకున్న గడువులోగా పనికి కావలసిన మాటలు రానివాళ్లను కంపెనీ ఇంటికి తిప్పి పంపేది. వచ్చిందీ రానిదీ తేల్చేది ఉస్తాద్. ఆ రోజు ఆయన ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నాడు.

"సయ్యిద్ మల్లయ్యా, నీ పేరేమిటి?" అన్నాడు అరబ్బీలో. ప్రశ్నలోనే జవాబు ఉంది. మల్లయ్య లేచి నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. పక్క వరుస నుంచి గంగారాం చూస్తున్నాడు. మల్లయ్య అతని వైపు ఒకసారి చూసి మళ్లీ నేల చూపులు చూశాడు. ఉస్తాద్ నిట్టూర్చి, కూర్చోమన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మల్లయ్య పక్కన కూర్చున్నాను. "ఏంది మల్లయ్యా? పేరు చెప్పనీకి గూడ రాదా?"

"వస్తది సార్."

"మరి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గంగారాం నా అల్లుడు సార్. బిడ్డ మొగడు. ఆని ముంగట చిన్న పోరని తీర్గ 'అనా మల్లయ్య' అంటే, తప్పువోతే, ఆడు నవ్వితే, ఇగ నా ఇజ్జత్ ఏముంటది?"

ఇద్దరూ ఒక జట్టులో ఉన్నారని తెలుసు గాని ఈ చుట్టరికం నాకు తెలియదు. బయల్దేరేటప్పుడు సుశీల అడిగిన ప్రశ్న అప్పుడు సరిగా అర్థమైంది. మా ఊళ్లలో మామ కూర్చున్న మంచం మీద అల్లుడు కూర్చోడు. అలాంటి ఇద్దరిని ఒకే గదిలో పెట్టి, ఒకే పలక పట్టించి, తప్పులు చేయమంటున్నాం మేము.

"గీ వయసుల ఎందుకొచ్చినవ్ మల్లయ్యా? వ్యవసాయమున్నది గద."

"బిడ్డ ఏడ్చింది సార్. ఒక్కణ్ణి పంపియ్య అన్నది. ఆడు పోతనే అంటుండు. నేను ఎంబడి పోయి మళ్ల తోలుకొస్త బిడ్డా అని మాటిచ్చిన. ఇప్పుడు నన్ను ఒక్కణ్ణే తిప్పి పంపితే, ఏ మొకం వెట్టుకొని పోవాలె?"

మర్నాడే ఉస్తాద్ గదికి వెళ్లాను. ఆయన అప్పటికే చాలా కోపంగా ఉన్నాడు, అయితే అది మల్లయ్య మీద కాదు, నా మీద.

నేను ఆయనకు ఎప్పుడో సరదాగా "మంచిగున్నరా?" అనడం నేర్పాను. ఆ పొద్దున కంపెనీకి కొత్తగా వచ్చిన కోస్తా ఇంజనీరు ఒకాయన అది విని నవ్వి, అలా అనకూడదు, "బాగున్నారా?" అనాలి అని దిద్దాడట.

"నాకు తప్పు తెలుగు నేర్పావా?" అన్నాడు ఉస్తాద్. నిజంగానే నొచ్చుకున్నాడు. జీవితమంతా తప్పులు దిద్దినవాడు మరి.

"తప్పు కాదు. రెండూ తెలుగే. ఆయన ఊళ్లో అలా అంటారు, మా ఊళ్లో ఇలా అంటారు."

"రెండూ ఒప్పు ఎలా అవుతాయి?"

"మీరు మాఉన్ అంటారు. నీళ్ల ట్యాంకరు తోలే సయీద్ మాయ్ అంటాడు. మాఉన్ అని అడిగితే సయీద్ నవ్వుతాడు. మాయ్ అంటే నీళ్లు పోస్తాడు. మిమ్మల్ని చూసి ఇంజనీరు నవ్వాడు. మా పనివాళ్లు మాత్రం మీరు 'మంచిగున్నరా' అంటే పని ఆపి మరీ జవాబు చెబుతున్నారు."

ఆయన లేచి టీ కాచాడు. పాలు లేని టీ, చిన్న గాజు గ్లాసులో. ఆ గ్లాసు నా చేతిలో పెట్టాక మల్లయ్య సంగతి చెప్పాను. మామ అల్లుడు అంటే ఏమిటో, మంచం సంగతి ఏమిటో అన్నీ చెప్పాను.

"మా ఊళ్లో కూడా అంతే" అన్నాడు చివరికి. "మా మామగారి ముందు నేను ఎన్నడూ కాలు మీద కాలు వేసుకోలేదు." మల్లయ్య మీద ఇంకా ఏమీ తేల్చనని, కొన్నాళ్లు ఆగుతానని చెప్పాడు. "కానీ వచ్చి తీరాలి నరసయ్యా. అబద్ధం మాత్రం నేను చెప్పను."

ఉల్లిగడ్డల పాఠం

మల్లయ్యకు మరాఠీ వచ్చు. ఎట్లా వచ్చిందని అడిగితే, "ఎడ్లు కొననీకి కిన్వట్ అంగడికి పోతుంటిమి, గాడ మాట్లాడంగ మాట్లాడంగ అబ్బింది" అన్నాడు. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. అందుకని నేను బల్ల, సుద్దముక్క పక్కన పెట్టాను. శుక్రవారాలు, పనిలేని పొద్దులు వంటసాలలో ఉల్లిగడ్డలు కోయడానికి ఇద్దరం కూర్చునేవాళ్లం. గంగారాం ఆ సమయంలో గుడ్డలు ఉతుక్కునేవాడు.

చేతులకు పని ఉంటే నోటికి సిగ్గు తక్కువ. కత్తి అందుకుంటూ ఒక మాట, నీళ్లు పోస్తూ ఒక మాట. వలద్ అంటే కొడుకు అని చెప్పడం సులువైంది. నిజాం నాటి పట్టా కాగితాల్లో 'మల్లయ్య వల్ద్ లింగన్న' అని రాసేవారు కదా. "లింగన్న కొడుకునని రాసిన్రు గా కాయితంల" అన్నాడు ఆయనే. మరీజ్ అంటే రోగి అని దవాఖానకు పోయినవాళ్లందరికీ తెలుసు, అరబ్బీలో దాన్ని మరీద్ అంటారు. దవా అంటే అక్కడా మందే. త్వరగా అనడానికి 'సురా' అనే మాట మాత్రం కొత్తది. దాన్ని ఆయన ఎద్దును అదిలించినట్టు పలికేవాడు.

పలుకుడు తప్పు పోయినప్పుడు నేను దిద్దేవాణ్ణి కాదు. సరిగా నేనే మళ్లీ అనేవాణ్ణి. కొన్నిసార్లు వినేవాడు, కొన్నిసార్లు వినేవాడు కాదు. ఉల్లిగడ్డల వల్ల ఇద్దరికీ కళ్లలో నీళ్లు. లోపలికి వచ్చినవాళ్లు మేమేదో ఇంటి కష్టం చెప్పుకుంటున్నాం అనుకునేవారు.

రోడ్డు మీద

ఎండలు ముదిరాయి. ఆ రోజు మల్లయ్య, గంగారాం ఊరికి దూరంగా కొత్త రోడ్డు పక్కన రాళ్లు పేరుస్తున్నారు. మేస్త్రీ జీపు వేసుకుని ఇంకో జట్టును చూడటానికి వెళ్లాడు. మధ్యాహ్నం గంగారాం ఉన్నట్టుండి చెమట పట్టడం ఆగిపోయి, ఏదో పొంతన లేకుండా మాట్లాడుతూ కుప్పకూలాడు. క్యాన్‌లో నీళ్లు అయిపోయాయి. పిలిస్తే పలికేంత దూరంలో మనుషులు లేరు.

మల్లయ్య అల్లుణ్ణి వీపు మీద వేసుకుని రోడ్డు దాకా మోశాడు. దూరంగా సయీద్ ట్యాంకరు వస్తోంది. ఆ డ్రైవర్లు దారిలో చెయ్యెత్తినవాళ్లందరికీ ఆపరు. మల్లయ్య అల్లుణ్ణి పక్కన పడుకోబెట్టి, పోయి రోడ్డు నడిమిట్ల నిలబడ్డాడు. ట్యాంకరు ఆయన ముందు కీచుమని ఆగింది. సయీద్ తిడుతూ దిగాడు. అప్పుడు మల్లయ్య నోరు విప్పాడు.

"వలదీ! వలదీ మరీద్! మాయ్! దవా! సురా, సురా!"

నా కొడుకు. నా కొడుక్కి రోగం. నీళ్లు. మందు. తొందరగా, తొందరగా.

అల్లుడు అన్నదానికి అరబ్బీ మాట నేను ఆయనకు చెప్పలేదు. ఉన్న మాటల్లో ఆయనకు దొరికింది అదే.

సయీద్ ఇంకేమీ అడగలేదు. ట్యాంకరు పైపు విప్పి గంగారాం మీద నీళ్లు వదిలాడు. ఇద్దరూ కలిసి అతన్ని బండిలోకి ఎక్కించారు. దారి పొడుగునా మల్లయ్య తువ్వాలు తడిపి అల్లుడి తల మీద పిండుతూనే ఉన్నాడు.

నన్ను ఆస్పత్రికి పిలిపించేసరికి గంగారాం మంచం మీద ఉన్నాడు, కళ్లు తెరవలేదు. వడదెబ్బ అని, దారిలో చల్లార్చుకుంటూ తేవడం మేలు చేసిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రం దాకా చూస్తేగాని ఏమీ చెప్పలేనని కూడా చెప్పాడు. రోగి తాలూకు మనుషులెవరని అడిగితే సయీద్ మల్లయ్య భుజం మీద చెయ్యి వేసి, "తండ్రి" అన్నాడు.

కాదు, మామ అని చెప్పబోయాను. దుబాసీ అన్నాక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. మల్లయ్యకు మాట అర్థమైంది కాబోలు, నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యి సార్. గట్లనే ఉండనియ్యి."

ఉండనిచ్చాను.

దీపాలు పెట్టే వేళకు గంగారాం కళ్లు తెరిచి నీళ్లడిగాడు. తెలుగులో. మల్లయ్య గోడ వైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

రెండో రోజు లేచి కూర్చున్నాక గంగారాం అడిగాడు. "మామా, డ్రైవర్‌తోని ఏమన్నవ్? నీకు అరబ్బీ ఎప్పుడొచ్చింది?"

"నీళ్లు అడిగిన" అన్నాడు మల్లయ్య. ఇంకేమీ చెప్పలేదు. ఆయన బయటికి వెళ్లాక మొత్తం నేనే చెప్పాను. వలదీ అన్న మాట దగ్గర గంగారాం తల దించుకున్నాడు. అతనికి తండ్రి లేడని, చిన్నప్పుడే పోయాడని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పై వారం ఉస్తాద్ పాఠంలో మల్లయ్యను లేపాడు. "సయ్యిద్ మల్లయ్యా, సయీద్‌తో ఏం చెప్పావో మాకూ చెప్పు" అన్నాడు. మల్లయ్య అల్లుడి వైపు చూశాడు. గంగారాం కదలకుండా కూర్చున్నాడు. మల్లయ్య చెప్పాడు, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఉస్తాద్ ఆ మాటలను బల్ల మీద ఒక్కొక్కటిగా రాశాడు. మాఉన్ అని కాదు, మాయ్ అనే రాశాడు. సుద్దముక్క కింద పెట్టి, "ఈ వాక్యంలో క్రియాపదమే లేదు" అన్నాడు. మల్లయ్య మొహం వాడిపోయింది. "కానీ దీనికి క్రియాపదం అక్కర్లేదు. ఈ రోజు పాఠం ఇదే" అని అందరితో దాన్ని పలికించాడు.

ఆ తర్వాతి శుక్రవారం నేను వంటసాలకు వెళ్లేసరికి గంగారాం అక్కడ ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. "మామా, గీ మాట నాకు నోరు తిరుగుతలేదు, జర చెప్పు" అంటున్నాడు. అది అతనికి ఎప్పటినుంచో వచ్చిన మాట. నాకు తెలుసు. మల్లయ్యకూ తెలిసే ఉంటుంది. అయినా కత్తి పక్కన పెట్టి, శ్రద్ధగా చెప్పాడు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. సయీద్ మాత్రం ఆ తర్వాత ఎప్పుడు కనబడినా మల్లయ్యను 'అబూ గంగా' అనే పిలిచాడు, అంటే గంగ నాయన అని. ఒప్పందం ముగిశాక మామ అల్లుడు కలిసే ఇంటికి వెళ్లారు.

కరీంనగర్‌లో

ఎనభైల చివర నేనూ వచ్చేశాను. ఉస్తాద్ నన్ను విమానం దాకా సాగనంపి, "మంచిగ పోయి రా" అన్నాడు, మా ఊరి పలుకుతోనే. అప్పటికి చాలా ఏళ్లుగా, నేను కాసేపు కనబడకపోతే ఎటు పోయావని అడిగేది ఆయనే.

కరీంనగర్‌లో బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని, గల్ఫ్ వెళ్లేవాళ్లకు అరబ్బీ చెప్పడం మొదలుపెట్టాను. తొంభైలలో కూడా చెప్పాను. అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ పాటించాను. చుట్టాలను, అన్నదమ్ములను వేరువేరు పూటల్లో కూర్చోబెట్టాను. నమస్కారాల కంటే ముందు ఒంటి నొప్పులు చెప్పుకునే మాటలు నేర్పాను. తప్పు మాట్లాడినా అవతలివాడికి అందితే ఆపలేదు. నా పాఠాలు విన్న మాస్టార్లు కొందరు ఇది చదువు కాదన్నారు. కాకపోవచ్చు. ఈ పనిలో భాష తెలిసి ఉండటం సగమే. ఎదుటి మనిషి ఎవరి ముందు నోరు విప్పడానికి సిగ్గుపడుతున్నాడో కనిపెట్టడం మిగతా సగం.

ఒక పొద్దున చెన్నూరు దగ్గరి ఊరి నుంచి రాజవ్వ అనే ఆమె వచ్చింది. గది నిండా మగవాళ్లు. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"ఆడోళ్లకు చెప్పరా సార్?"

"చెప్తనమ్మా. నువ్వు పోతున్నవా?"

"నేను పోను. మా ఇంటాయన ఏండ్ల సంది గాన్నే ఉన్నడు. నెల రోజులు ఛుట్టీ మీద వస్తడు, పోతడు. వచ్చినంక ఆయన మాట్లాడేది నాకు సమజ్ గావాలె."

"ఏం మాట్లాడుతడు?"

"ఎడ్లను యల్లా యల్లా అంటడు. అవ్విటికి సమజైంది, నాకే కాలే." గదిలో నవ్వులు. ఆమె కూడా నవ్వింది. "ఖలాస్ అంటే బువ్వ సాలు అని నేనే తెలుసుకున్న. ఒక్కటి మాత్రం తెల్వలే. మొన్న పోయేటప్పుడు బస్సు ఎక్కుతూ నన్ను జూసి హబీబీ అన్నడు. తిట్టినట్టు లేదు. అని జల్ది మొకం అటు తిప్పుకున్నడు. ఏమన్నడు సార్?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ ఇంకొన్ని వారాల్లో బస్సు ఎక్కవలసినవాళ్లు.

"నాకు పానం లెక్క అని, అమ్మా. నాకు ఇష్టమైన మనిషివి అని."

"గట్లనా" అంది ఆమె. "ఇన్నేండ్లల్ల తెలుగుల ఒక్కసారి గూడ అనలే."

వ్యాకరణం ప్రకారం ఆడమనిషిని హబీబ్తీ అనాలి. పనివాళ్లంతా హబీబీ అనే అంటారు. ఆమె ఆ మాటను పెదవుల మీద మెల్లగా అనుకుని చూసుకుంటోంది. నేను దిద్దలేదు. ముందు వరుసలో ఒకతను లేచి తన కుర్చీ ఇచ్చాడు. రాజవ్వ కూర్చుని, కొంగు సర్దుకుని, "ఇగ మొదలువెట్టు సార్" అంది.